తన హార్మోన్‌నే కాదన్న ఒళ్ళు

ల్యాబ్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. రియాద్‌లో ఏ ఆసుపత్రి మంచిది, లైసెన్సు పరీక్షలో ఏం అడుగుతారు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు చేతికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని అడుగుతారు. నేను పనిచేసిన రోజులకూ ఇప్పటికీ రూల్స్ మారిపోయాయి కాబట్టి వాటికి నా దగ్గర పనికొచ్చే జవాబుల్లేవు. పైగా నాకిప్పుడు ఓపిక తక్కువ. అల్ ఖోబార్‌లో, అజీజియాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మైక్రోస్కోపు మీద ఏళ్ళ తరబడి వంగి మెడ పట్టేసింది. ఓ పేజీ రాస్తే ఓ గంట పడుకోవాలి. అందుకే ఇది విడతలు విడతలుగా రాశాను. ఎక్కడైనా అతుకులు కనిపిస్తే అర్థం చేసుకోండి.

ప్రమోషన్ల గురించి, ఇంక్రిమెంట్ల గురించి చెప్పను. ఒక మనిషి గురించి చెబుతాను. ఈ పని అసలేమిటో నాకు అతని వల్లే తెలిసింది.

నా పని

మాది కడప పక్క. ల్యాబ్ కోర్సు చేసి, పెళ్ళయ్యాక మా ఆయనతో పాటు రియాద్ వచ్చాను. ఓ పెద్ద ఆసుపత్రిలో ఇమ్యునాలజీ ల్యాబ్‌లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. అంత పెద్ద ఆసుపత్రిలో నేను రోగుల మొహాలు చూసింది బహు తక్కువ. కింద నుంచి రక్తం గొట్టాలు వస్తాయి. వాటి మీద స్టిక్కరు ఉంటుంది, పేరు ఉంటుంది. మేం పరీక్ష చేసి ఫలితం పంపేస్తాం. ఆ గొట్టం వెనక మనిషి బతికాడా పోయాడా మనకు తెలియదు. మొదట్లో ఇది బాధగా ఉండేది. తర్వాత అదే సుఖమనిపించింది. అలా అనిపించడం మంచిది కాదని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా ల్యాబ్ పెద్ద డాక్టర్ ఇద్రీస్. సూడాన్ ఆయన. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు, కానీ ఆయన ముందు నిలబడితే ప్రతి మాటా తూచి చెప్పాల్సి వచ్చేది. ఏదైనా ఫలితం పట్టుకెళ్తే ముందు ఒక్కటే అడిగేవాడు: "ఇందులో నువ్వు చూసింది ఎంత, నువ్వు అనుకున్నది ఎంత?" రెండూ కలిపి చెబితే మళ్ళీ చేయించేవాడు. ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. మనిషిగా ప్రేమగా ఉండేవాడు కాదు. ఒకరి పెళ్ళిరోజో పండగో ఆయనకు పట్టేది కాదు. కానీ నాకు పని నేర్పింది మాత్రం ఆయనే. మంచి బాస్ మంచిగా మాట్లాడాలన్న రూలేమీ లేదు.

పోశెట్టి

ఓ వేసవి మధ్యాహ్నం కిడ్నీ క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. డాక్టర్ ఫహద్. సౌదీ కుర్రాడు, బయటి దేశంలో చదువుకొచ్చాడు, చురుకైనవాడు. "నీది తెలుగే కదా? ఇక్కడొక రోగి ఉన్నాడు. హిందీ అంతంత మాత్రం. కిందికి వచ్చి కాస్త మాట్లాడతావా?" అన్నాడు.

వెళ్ళాను. కుర్చీలో ఓ మనిషి కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద మెయింటెనెన్స్ కంపెనీ చొక్కా. నలభై దాటి ఉంటాయేమో. పెదాలు, గోళ్ళు, కంటి లోపలి రెప్పలు అన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రక్తం తక్కువైతే ఎలా ఉంటుందో నేను గొట్టాల్లో చూశాను కానీ, మనిషి మీద అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"అన్నా, మీది యాడ?" అన్నాను.

అతను ఒక్కసారి తల ఎత్తాడు. "తెలుగా అక్కా! మాది నిర్మల్ దిక్కు. పోశెట్టి అంటరు. ఇక్కడ పైపుల పని జేస్త."

ఫహద్ విషయం చెప్పాడు. ఇతనికి బీపీ వల్ల కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయి. ఇంకా డయాలిసిస్ దాకా రాలేదు. ఒంట్లో రక్తం తయారవ్వాలంటే ఎముకల మజ్జకు ఓ హార్మోన్ కబురు పంపాలి. దాని పేరు ఎరిత్రోపొయెటిన్. అది కిడ్నీల్లో తయారవుతుంది. కిడ్నీలు పాడైతే ఆ కబురు పలచబడుతుంది, రక్తం తగ్గుతుంది. అందుకని ఆ హార్మోన్‌నే సూదిమందుగా ఇస్తారు. వారానికోసారి చర్మం కింద, మనిషి తనే పొడుచుకోవచ్చు. పోశెట్టి దాదాపు ఏడాదిగా వేసుకుంటున్నాడు. మొదట్లో రక్తం చక్కగా పెరిగింది. ఇప్పుడు పడిపోతోంది. మోతాదు పెంచారు. ఇంకా పడిపోయింది.

"ఇతను వేసుకోవడం లేదు. ఆ సంగతి ఇతని నోటితో చెప్పించు," అన్నాడు ఫహద్.

నేను కొంచెం మెత్తగా అడిగాను. "అన్నా, డాక్టరుకు అనుమానంగా ఉంది. సూదులు నిజంగా ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటున్న అక్కా. సుక్కురారం సుక్కురారం, ఒక్కటి గూడ ఇడిశిపెట్టలె. మొదట్ల సూదంటె భయముండె. ఇప్పుడు అలవాటైంది. అబద్ధం జెప్పి నాకేమొస్తది? గీ మెట్లు ఎక్కుతుంటె గుండె దడదడ కొట్టుకుంటుంది. నిచ్చెన ఎక్కి పైపు పట్టుకుంటె కండ్లకు చీకట్లొస్తున్నయ్. మొన్న పడబోయిన. ఫోర్మన్ కిందికి దించేశిండు. ఇట్లనే ఉంటె ఎగ్జిట్ గొట్టి ఇంటికి పంపిస్తమంటున్నరు."

నేను అదంతా ఫహద్‌కు చెప్పాను. అతను తల ఊపాడు, నమ్మలేదు. అందరూ ఇలాగే చెబుతారన్నాడు. ఇక్కడే క్లినిక్‌లో నర్సు చేత వేయిద్దాం, వారం వారం రమ్మను, మోతాదు ఇంకొంచెం పెంచుదాం అన్నాడు.

అలాగే చేశారు. నర్సు కళ్ళముందే వేసింది. రక్తం ఇంకా కిందికి దిగింది. ఓ రోజు పోశెట్టి కంపెనీ బస్సు దిగుతూ దిగుతూ రోడ్డు మీద కూలబడిపోయాడు. తెచ్చి వార్డులో పెట్టి, రక్తం ఎక్కించారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఫహద్ చెడ్డవాడు కాదు. కానీ మందు పనిచేయకపోతే ముందుగా రోగినే అనుమానించడం మా ఆసుపత్రుల్లో ఓ అలవాటు. ఆ రోగికి మన భాష రాకపోతే అనుమానం రెట్టింపవుతుంది. మందే తప్పు చేస్తోందేమో అన్న ఆలోచన అందరికన్నా చివర వస్తుంది. ఆ మధ్యలో పోయే వారాలు ఆ మనిషివి.

ఇద్రీస్ అడిగిన ప్రశ్న

పోశెట్టి మజ్జ పరీక్ష చేశారు. ఆ స్లైడు మా అంతస్తుకే వచ్చింది. ఇద్రీస్ నన్ను పిలిచి చూడమన్నాడు. తెల్లకణాల పిల్లలున్నాయి. ప్లేట్‌లెట్లు ఇచ్చే పెద్ద కణాలున్నాయి. ఎర్రకణాల పిల్లలు మాత్రం లేవు. వెతికి వెతికి చూశాను. పొలమంతా పచ్చగా ఉండి ఒక్క మడి మాత్రం ఎండినట్టుంది.

"మందు వేసుకోని మనిషికి ఇలా ఉండదు. కాస్తో కూస్తో ఉంటాయి," అన్నాడు ఇద్రీస్. "కబురు తక్కువైతే పంట తగ్గుతుంది. ఇక్కడ కబురే అందడం లేదు. ఎవరో దారిలో పట్టేస్తున్నారు."

పట్టేసేది ఎవరంటే యాంటీబాడీలు. నేను పోశెట్టి రక్తంలోంచి సీరం తీసుకుని పరీక్ష పెట్టాను. ప్లాస్టిక్ పలకలోని చిన్న గుంటల అడుగున ఆ హార్మోన్ అంటించి, దాని మీద సీరం పోసి, రంగు వచ్చే రసాయనం వేయాలి. యాంటీబాడీ లేకపోతే నీళ్ళలా ఉంటుంది. పోశెట్టి గుంటలు చిక్కటి పసుపుకు తిరిగాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. బయటి దేశం ల్యాబ్‌కు కూడా పంపాం, వాళ్ళదీ అదే మాట.

అంటే అతను చెప్పింది నిజం. ప్రతి శుక్రవారం వేసుకున్నాడు. వేసుకున్నకొద్దీ అతని ఒళ్ళు ఆ హార్మోన్ మీద పగబట్టింది. సూదిలో ఉన్నదాన్నే కాదు, పాడైన కిడ్నీల నుంచి ఇంకా కొంచెం కొంచెంగా వస్తున్న తన సొంత హార్మోన్‌ను కూడా పట్టేస్తోంది. రెండింటికీ తేడా తెలియదు దానికి. మనం మోతాదు పెంచినప్పుడల్లా ఆ పగకు మేత వేశాం.

ఇద్రీస్ ఫహద్‌ను పైకి పిలిపించి ఇది చెప్పాడు. ఫహద్ ఆ ఫలితం కాగితం తిప్పి తిప్పి చూశాడు. తర్వాత "నేను పెంచుతూ పోయాను," అన్నాడు. ఇద్రీస్ ఓదార్చలేదు. "ఈరోజు నుంచి ఆపు. ఇంకెప్పుడూ ఇవ్వొద్దు, ఏ కంపెనీదైనా సరే," అన్నాడు. ఆ పూటే ఆపేశారు. ఒంటి రక్షణ వ్యవస్థను అణచే మాత్రలు మొదలుపెట్టారు.

కణం ఎలా తింటుంది

ఇది కొంచెం ఓపిగ్గా చదవాలి. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇదే అసలు సంగతి.

మన చర్మం కింద, చేతులు చాచినట్టుండే కొన్ని కణాలు కాపలా తిరుగుతుంటాయి. డెండ్రైటిక్ కణాలంటారు. వాటి పని చుట్టూ ఉన్న ద్రవాన్ని గుక్క గుక్కగా తాగడం, కనిపించిన ప్రోటీన్లను లోపలికి లాక్కోవడం. ఇన్సులిన్ కానీ, పెరుగుదల హార్మోన్ కానీ, ఇప్పుడు చెప్పుకుంటున్న రక్తం హార్మోన్ కానీ, ప్రోటీన్‌తో చేసిన హార్మోన్ ఏదైనా సరే వీటికి రోజూ అందుతూనే ఉంటుంది. తినడం తప్పు కాదు. అది రోజూ జరిగే పనే.

లోపలికి వెళ్ళిన హార్మోన్ ఓ చిన్న సంచిలో పడుతుంది. సంచి పులుపెక్కుతుంది. ఎంజైములు వచ్చి దాన్ని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లో కొన్నిటిని కణం ఓ పళ్ళెం లాంటి ప్రోటీన్‌లో పెట్టి తన పైపొర మీదికి తెచ్చి చూపిస్తుంది. దగ్గరికి వచ్చిన టి కణాలు అనే తెల్లకణాలు ఆ ముక్కను తడిమి చూస్తాయి. ఇది మనదే అని తెలిస్తే ఊరుకుంటాయి. మనదే అని గుర్తుపట్టడం వాటికి చిన్నప్పుడే నేర్పి పంపుతుంది ఒళ్ళు. అందుకే మన హార్మోన్‌తో మనకు గొడవ ఉండదు. సూదిమందు కూడా మనిషి హార్మోన్ లాగే తయారుచేస్తారు కాబట్టి నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా ఏ గొడవా రాదు.

గొడవ ఎప్పుడొస్తుంది? హార్మోన్ ఆకారం చెడినప్పుడు రావచ్చు. ప్రోటీన్ అంటే ఓ పద్ధతిలో మడిచిన దారం. ఎండ తగిలినా, గడ్డకట్టి కరిగినా, గట్టిగా కుదిపినా ఆ మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. కాపలా కణం ఒంటరి హార్మోన్‌ను చప్పరించి వదిలేస్తుంది. ఉండను మాత్రం ఆబగా మింగుతుంది. వరసగా ఒకే ఆకారం పేర్చినట్టుండే ఉండ ఏ వైరస్ పొట్టులాగో కనిపిస్తుంది మరి. అప్పుడు కణం ముక్కలు చూపించడంతో ఆగదు, ప్రమాదమని కేకలు కూడా వేస్తుంది. ఆ కేకలకు, మామూలుగా నోరుమూసుకుని ఉండే టి కణాలు లేస్తాయి. బి కణాలు కూడా ఆ ఉండను తమ కొక్కేలతో పట్టుకుని మింగి, తామూ ముక్కలు చూపిస్తాయి. టి కణం తోడు దొరికిన బి కణం యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలైతే ఉండలే అక్కర్లేదు. మంచి హార్మోన్‌ను కూడా పడతాయి.

ఇద్రీస్ నాకు దీన్ని మాటల్లో చెప్పి ఊరుకోలేదు. చూడమన్నాడు. బ్లడ్ బ్యాంకు ఇచ్చిన తెల్లకణాల నుంచి ఓ వారం పాటు డెండ్రైటిక్ కణాలు పెంచాను. అదే మందుకు మెరిసే రంగు అంటించి, సగం ఫ్రిజ్‌లో ఉంచాను, సగం గడ్డకట్టించి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టించాను. రెండూ విడివిడిగా కణాలకు పెట్టి చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూశాను. ఫ్రిజ్‌లో ఉంచిన మందు తిన్న కణాల్లో లేత మంచులాంటి వెలుగు. గడ్డకట్టిన మందు తిన్న కణాల్లో నిప్పురవ్వల్లా చుక్కలు. కడుపు నిండా చుక్కలు.

నిజం చెప్పాలంటే నాకు అది అందంగా కనిపించింది. ఆ అందం పోశెట్టిని పడేసిందని గుర్తొచ్చి తల పక్కకు తిప్పుకున్నాను.

అంతకన్నా ఠండ

గడ్డకట్టించి చూడమని ఇద్రీస్ ఎందుకన్నాడో చెప్పలేదు కదూ. అంతకు ముందే నన్ను వార్డుకు పంపాడు. "మందు ఎలా ఉంచేవాడో అడుగు. తప్పు పట్టినట్టు అడగొద్దు," అన్నాడు. అంత జాగ్రత్త మాట ఆయన నోట వినడం అదే మొదలు.

పోశెట్టి మంచం మీద కూర్చుని ఉన్నాడు. రక్తం ఎక్కించాక మొహం కొంచెం తేరుకుంది. అతని రూమ్మేటు, జగిత్యాలాయన రాజేశం, కుబూస్ రొట్టెలు, పప్పు తెచ్చి పక్కన పెట్టాడు.

"పోశెట్టన్నా, సూదిమందులు ఫార్మసీ నుంచి తెచ్చుకుని యాడ పెట్టేవాడివి?"

"కంపెనీ క్యాంపుల మా రూముల ఫ్రిజ్ ఉందక్కా. అండ్లనే."

"ఫ్రిజ్‌లో యా పక్క?"

"మీద మంచు గడ్డ గట్టే డబ్బ ఉంటది సూడు. దాండ్ల."

అతనే చెప్పుకుపోయాడు. "రూముల అందరిది ఒకటే ఫ్రిజ్. కింద పెడితె పెరుగు, కూర, నీళ్ళ సీసలు, ఎవరన్న అటిటు జరుపుతరు, కింద పడేస్తరు. మందు ఖరాబైతదని మీద భద్రంగ పెట్టిన. గా డబ్బల వేరేటోని సామాను పెట్టనియ్యలె."

రాజేశం నవ్వాడు. "మా తోని కొట్లాటకొచ్చిండు మేడమ్. నేను చేపలు పెడితె బయట పడేశిండు."

"మరి ఏసుకునేటప్పుడు?"

"పొద్దుగాల తీసి బయట పెడ్త. కరిగినంక ఏసుకుంట. కరెంటు పోయినప్పుడల్ల గుండె గుబిల్లుమనేది, మందు యాడ ఖరాబైతదో అని."

నేను పైకి వెళ్ళి ఇద్రీస్‌తో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడే చెప్పాడు, గడ్డకట్టించి చూడమని.

కణాల పరీక్ష అయ్యాక ఫహద్ వార్డుకు వచ్చాడు. నన్ను కూడా రమ్మన్నాడు. దుబాసీని కదా. "మందు గడ్డకట్టడం వల్ల ఇలా జరిగి ఉండవచ్చని చెప్పు. అతనికి తెలియాలి," అన్నాడు. తెలియాలన్నది నిజమే. ఇంటికి వెళ్ళాక ఎవరో ఇదే మందు ఇవ్వబోతే అతను కాదనగలగాలి. కానీ ఆ మాట చెప్పాల్సిన నోరు నాది.

మాటలు వెతుక్కుంటూ చెప్పాను. ఈ మందు చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడదు, గడ్డకడితే లోపల విరుగుతుంది, ఒళ్ళు దాన్ని శత్రువనుకుంటుంది అన్నాను. ఇద్రీస్ చెప్పిన మాట కూడా వదలకుండా చెప్పాను: ఇదే కారణమని ఖాయంగా ఎవరూ చెప్పలేరు, గడ్డకట్టని మందు వేసుకున్నవాళ్ళకు కూడా అరుదుగా వస్తుంది.

పోశెట్టి చేతుల వైపు చూసుకున్నాడు.

"ఫార్మసీల ఠండా రఖో, ఠండా రఖో అన్నడక్కా, సల్లగ పెట్టుమని. రెండుసార్లు అన్నడు. అంతకంటె ఠండ యాడుంటది?"

ఫహద్ "ఏమన్నాడు?" అని అడిగాడు. చెప్పాను. ఫహద్ మంచం అంచు మీద కూర్చున్నాడు. రౌండ్సులో డాక్టర్లు కూర్చోరు. కూర్చుని, "తప్పు నీది కాదని చెప్పు. వేసుకోవడం లేదని నేను అన్నాను. అందుకు క్షమించమని చెప్పు," అన్నాడు.

అదీ చెప్పాను. పోశెట్టి "అయ్యో, సార్‌ను గట్ల అనొద్దను," అని చేతులు జోడించబోయాడు. ఫహద్ ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

ఇందులో ఎవరి తప్పు ఎంత అని మీరు అడగవచ్చు. నేను చాలా ఆలోచించాను. ఆ మందు పెట్టె మీద గడ్డకట్టించవద్దని రాసే ఉంది, ఇంగ్లీషులో, అరబ్బీలో. ఫార్మసీ కుర్రాడు వెనక నిలబడ్డ వరసను చూసి రెండు ముక్కల్లో తేల్చాడు. డాక్టరు అడగలేదు. ఎవరికీ పని ఎగ్గొట్టాలని లేదు. అందరూ తొందరలో ఉన్నారు, అంతే. ఇంత జాగ్రత్తగా ఉన్న మనిషి ఒక్క పోశెట్టే.

కొత్త కణాలు

మాత్రలు మొదలుపెట్టాక నెలలు పట్టింది. మధ్య మధ్యలో రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. కంపెనీ పంపించేస్తామని తొందరపెట్టింది. ప్రయాణానికి పనికిరాడని ఫహద్ గట్టిగా అడ్డుపడ్డాడు. అతనికి కంపెనీవాళ్ళతో మాటా మాటా పెరిగిందని నర్సులు చెప్పుకున్నారు. నేను ప్రతిసారీ పోశెట్టి గొట్టం వచ్చినప్పుడు ఆ గుంటల రంగు చూసేదాన్ని. చిక్కటి పసుపు, పసుపు, మళ్ళీ పసుపు, కొంచెం లేత.

ఓ ఉదయం అతని రక్తం పూత వేసి చూస్తుంటే నీలం వలలాంటి మరక ఉన్న కణం ఒకటి కనిపించింది. మజ్జ నుంచి అప్పుడే బయటికి వచ్చిన ఎర్రకణానికి ఆ మరక ఉంటుంది. పక్కన ఇంకొకటి. స్లైడు జరిపాను, ఇంకా ఉన్నాయి. ఇద్రీస్‌ను పిలిచాను. ఆయన చూసి లేచి, "ఎంత చూశావు, ఎంత అనుకున్నావు?" అన్నాడు.

"చూసిందే చెబుతున్నాను డాక్టర్."

"అయితే వెళ్ళి చెప్పు."

నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. మెట్లు దిగి వార్డుకు వెళ్ళాను. అప్పటికే నా మోకాళ్ళు సరిగా లేవు. పోశెట్టి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"వచ్చినాయన్నా," అన్నాను.

"ఏమొచ్చినయక్కా, టికెట్లా?"

"నీ కణాలు. కొత్తవి. నా కండ్లతో చూసినా."

అతను నా మొహం చూశాడు. నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. "మంచిగున్నయా?" అన్నాడు, ఎవరింట్లోనో పుట్టిన పిల్లల్ని అడిగినట్టు.

"బాగుండాయి," అన్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు అతను ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయాడు. రక్తం మామూలు మనిషంత లేదు, కానీ ఎక్కించకుండా నిలబడింది. డిశ్చార్జి కాగితం మీద మొదటి పేజీలోనే ఫహద్ పెద్ద అక్షరాలతో రాయించాడు: ఈ హార్మోన్ మందు ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

నేను ఫార్మసీ మేనేజరు దగ్గరికి వెళ్ళి, తెలుగులో, ఉర్దూలో, బెంగాలీలో నాలుగు వాక్యాలు అచ్చు వేయిద్దామన్నాను. రెండు భాషలే అనుమతి అన్నాడు. మళ్ళీ వెళ్ళాను. ఫ్రిజ్ బొమ్మ వేసి, పై డబ్బా మీద అడ్డగీత గీసిన కాగితానికి ఒప్పుకున్నాడు. అది కొన్నాళ్ళు కౌంటర్ మీద ఉంది. కౌంటర్ మార్చినప్పుడు తీసేశారు. మళ్ళీ అడిగి పెట్టించాను. ఈ పనిలో గెలుపు అంటే దాదాపు ఇంతే. తీసేసినప్పుడల్లా మళ్ళీ పెట్టించడం.

మొన్నటి ఫోన్

నేను రిటైరయ్యాను. ఇద్రీస్ తన దేశం వెళ్ళలేక మరో దేశంలో ఉన్నాడని విన్నాను. పోశెట్టి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాడు. చివరికి కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు నిర్మల్‌లో డయాలిసిస్ మీద ఉన్నాడు.

మొన్న పొద్దున ఫోన్ మోగింది. వెనకాల మిషన్ల చప్పుడు.

"అక్కా, పోశెట్టిని. మిషిన్ మీద ఉన్న. గీడ మిషిన్ సూశే పిలగాడు అదే సూదేస్త అంటున్నడు. అందరికి ఏసేదే, నీకేమైతది అంటున్నడు. నేను జెప్తె ఇంట లేడు. జర నువ్వు జెప్పు." అంటూ ఫోన్ ఎవరికో ఇచ్చాడు.

"హలో, ఎవరు మేడమ్?" పడుచు గొంతు. కోపం లేదు, అలసట ఉంది.

"నేను రియాద్ ఆసుపత్రిలో ల్యాబ్‌లో చేసినాను నాయనా. ఆయనకు ఆ మందు పడదు. ఒంట్లో దానికి యాంటీబాడీలుండాయి. ఏస్తే మళ్ళా రక్తం పడిపోతుంది, అప్పటికప్పుడు ప్రాణం మీదికి కూడా రావచ్చు."

"మీరు డాక్టరా?"

"కాదు. ల్యాబ్."

"రక్తం తక్కువున్నోళ్ళకు అందరికి ఏస్తం మేడమ్. డాక్టర్ సార్ రాసిండు."

"ఫైల్లో రియాద్ కాయితం ఉంటుంది. మొదటి పేజీ ఒకసారి చూడు నాయనా. ఏసేముందు మీ సారును ఒక్క మాట అడుగు. నా మాట నమ్మాల్సిన పని లేదు."

"ఫైల్ ఇంత లావుంది మేడమ్," అన్నాడు. కానీ ఫోన్ మంచం మీద పెట్టి వెళ్ళాడు. నేను మిషన్లు తిరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎవరో దగ్గుతున్నారు. ఎవరో నీళ్ళడుగుతున్నారు. నా చెయ్యి నొప్పెట్టి ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

చాలాసేపటికి పోశెట్టి గొంతు వచ్చింది.

"ఆపిండ్రక్కా. సార్ వొద్దన్నడంట. పిలగాడు మంచోడే, సారీ అన్నడు."

"పోనీలే అన్నా. ఆ కాయితం అందరికంటే పైన పెట్టమను."

"పెట్టిండ్రు. కానీ ఎల్లుండి వేరేటోడుంటడు. ఆయనెట్లంటడో." కొంచెం ఆగాడు. "మళ్ళ ఫోన్ జేస్తె ఎత్తుతవా?"

"చెయ్యన్నా," అన్నాను. "ఎత్తుతా."